మందు కంటే ముందే పుట్టిన మొండి వైరస్: హెపటైటిస్ సి కథ

ఈరోజు ఎపిసోడ్‌ని రెండు తేదీలతో మొదలుపెడదాం.

2013 నవంబర్‌లో అమెరికాలో సిమెప్రెవిర్ అనే కొత్త మందుకి పర్మిషన్ వచ్చింది. లివర్‌ని పాడుచేసే హెపటైటిస్ సి వైరస్ మీద పనిచేసే మందు అది. కానీ ఈ మందుకి సరిగ్గా లొంగని ఒక వైరస్ వంశం అప్పటికే అమెరికాలో లక్షలమంది ఒంట్లో ఉంది. అది ఎప్పుడు పుట్టిందో వెనక్కి లెక్క కట్టుకుంటూ పోతే 1940ల దగ్గర ఆగింది. అంటే మందు మార్కెట్‌లోకి రావడానికి దాదాపు డెబ్భై ఏళ్ల ముందు. ఆ మందుని తయారుచేసిన సైంటిస్టుల్లో చాలామంది కూడా అప్పటికి పుట్టి ఉండరు.

డ్రగ్ రెసిస్టెన్స్ అనగానే మనకి గుర్తొచ్చేది ఏంటి? "యాంటీబయాటిక్ కోర్సు సగంలో ఆపేస్తే క్రిములు మొండికేస్తాయి" అని ఇంట్లో పెద్దవాళ్లు, డాక్టర్లు చెప్పే మాట. ముందు మందు, తర్వాత మొండితనం, ఆ వరస మనకి అలవాటు. హెపటైటిస్ సి కథలో ఈ వరస తిరగబడింది. జీవితంలో ఒక్క మాత్ర కూడా వేసుకోని మనిషి ఒంట్లో, మందుకి లొంగని వైరస్ ముందే సిద్ధంగా ఉండొచ్చు. పైగా అది ఉందా లేదా అన్నది ఆ మనిషి ఏ దేశంలో, ఏ కాలంలో, ఎవరి సూది వల్ల ఇన్ఫెక్ట్ అయ్యాడన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. అందుకే దీన్ని మెడిసిన్ ఎపిసోడ్‌లా కాకుండా హిస్టరీ ఎపిసోడ్‌లా చెప్తున్నా.

ముందు వైరస్ పరిచయం, త్వరగా. 1970ల మధ్యకి వచ్చేసరికి హెపటైటిస్ ఎ, హెపటైటిస్ బి రెండూ తెలుసు. అయినా రక్తం ఎక్కించుకున్నవాళ్లలో కొంతమందికి లివర్ జబ్బు వస్తూనే ఉంది, టెస్ట్ చేస్తే ఎ కాదు, బి కాదు. అమెరికాలో హార్వే ఆల్టర్ వాళ్ల టీమ్ దీన్ని గుర్తించింది. దానికి పెట్టిన పేరు కూడా అదే, "ఎ కాని, బి కాని హెపటైటిస్". పేరు పెట్టడానికి కూడా క్లూ దొరకలేదన్నమాట. చివరికి 1989లో కాలిఫోర్నియాలోని కైరాన్ అనే కంపెనీలో మైకేల్ హౌటన్, క్వి-లిమ్ చూ, జార్జ్ కువో, వాళ్లతో కలిసి పనిచేసిన డేనియల్ బ్రాడ్లీ ఆ వైరస్ జన్యువుని పట్టుకున్నారు. 2020లో నోబెల్ వచ్చింది ఆల్టర్‌కి, హౌటన్‌కి, చార్లెస్ రైస్‌కి. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పకుండా ఉండలేను. 2013లో కెనడా వాళ్లు లక్ష డాలర్ల గార్డ్‌నర్ అవార్డు ఇస్తామంటే హౌటన్ వద్దన్నాడు. కారణం, చూ, కువో ఇద్దరి పేర్లూ అందులో లేవు. నోబెల్ మాత్రం తీసుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం, ఆ మనిషి అంతకుముందు చేసింది కూడా మనం మర్చిపోకూడదు.

సరే, అసలు మ్యాటర్‌లోకి వద్దాం. ఈ వైరస్‌కి మొండితనం మందు లేకుండానే ఎలా వస్తుంది?

పాత రోజుల్లో మనకి తాళపత్ర గ్రంథాలు ఉండేవి కదా. ఒక ప్రతి చూసి ఇంకో ప్రతి రాసేవాళ్లు. రాసేవాడు ఎక్కడో ఒక అక్షరం తప్పు రాస్తాడు. ఆ ప్రతి చూసి రాసిన తర్వాతి ప్రతుల్లో కూడా అదే తప్పు వస్తుంది. అలా పాఠాంతరాలు పుట్టాయి. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలని అచ్చు వేయించడానికి ఎన్నో ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించాడంటే అందుకే. రెండు ప్రతుల్లో ఒకే చోట ఒకే తప్పు ఉంటే, ఆ రెండూ ఒకే తల్లి ప్రతి నుంచి వచ్చాయని అర్థం. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

హెపటైటిస్ సి వైరస్ అంటే సుమారు 9,600 అక్షరాలు ఉన్న ఒక ఆర్‌ఎన్‌ఏ పుస్తకం. లివర్ కణంలోకి దూరి తన కాపీలు తనే తీసుకుంటుంది. కాపీ రాసే ఎంజైమ్‌ని మనం లేఖకుడు అనుకుందాం. మన కణాల్లోని లేఖకుడు రాసింది మళ్లీ చదువుకుని తప్పులు దిద్దుతాడు. వైరస్ లేఖకుడికి ఆ అలవాటు లేదు. రాయడం, పారేయడం. ఇన్ఫెక్ట్ అయిన ఒక్క మనిషిలో రోజుకి పుట్టే వైరస్ కణాల సంఖ్య సుమారు లక్ష కోట్లు. మీరు చదివింది కరెక్టే. లక్ష, కోట్లు, రోజుకి. ఇన్ని కాపీలు, ప్రూఫ్ రీడింగ్ లేదు. అంటే 9,600 అక్షరాల్లో ఏ ఒక్క అక్షరం మారితే వచ్చే తేడా అయినా, ఆ ఒంట్లో ఆరోజు ఎక్కడో ఒకచోట పుట్టే ఉంటుంది. రేపు కనిపెట్టబోయే మందుని తట్టుకునే తేడా కూడా అందులో ఉంటుంది. వైరస్‌కి భవిష్యత్తు తెలియక్కర్లేదు, అన్ని లాటరీ టిక్కెట్లూ కొనేస్తుంది అంతే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. తమాషాగా ఇది కూడా 1940ల నాటిదే. సాల్వడార్ లూరియా అనే సైంటిస్ట్ ఫాసిస్టుల దెబ్బకి ఇటలీ వదిలి అమెరికా వచ్చాడు. 1943లో ఇండియానా యూనివర్సిటీలో ఉన్నాడు. అప్పట్లో పెద్ద ప్రశ్న ఏంటంటే, బ్యాక్టీరియాని చంపే వైరస్‌ని వదిలినప్పుడు కొన్ని బ్యాక్టీరియాలు బతుకుతాయి కదా, అవి ఆ దెబ్బ తగిలాక మారాయా, లేక ముందే మారి ఉన్నాయా? యూనివర్సిటీ వాళ్ల డ్యాన్స్ పార్టీలో ఒక తోటి ప్రొఫెసర్ స్లాట్ మెషీన్‌లో చిల్లర వేస్తూ వరసగా పోగొట్టుకుంటున్నాడు. లూరియా ఆయన్ని ఆటపట్టిస్తుండగానే మెషీన్‌లోంచి చిల్లర కుప్పగా పడింది. లూరియాకి అక్కడే తట్టింది. దెబ్బ తగిలాక మారేటట్టయితే ప్రతి గిన్నెలోనూ బతికినవి ఇంచుమించు సమానంగా ఉండాలి. ముందే, ఎప్పుడు పడితే అప్పుడు మారేటట్టయితే చాలా గిన్నెల్లో సున్నా, ఎక్కడో ఒక గిన్నెలో జాక్‌పాట్ ఉండాలి. ప్రయోగం చేస్తే జాక్‌పాట్లే వచ్చాయి. లెక్క మాక్స్ డెల్‌బ్రక్ రాసిచ్చాడు. ఇద్దరికీ 1969లో నోబెల్ వచ్చింది.

కాబట్టి మొండితనం ముందే ఉంటుంది అన్నది పాత విషయం. హెపటైటిస్ సిలో అది దేశాన్ని బట్టి ఎందుకు మారిందన్నదే మన కథ.

ఈ జబ్బుకి మొదట్లో ఉన్న మందు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు. తర్వాత రిబావిరిన్ మాత్రలు కలిపారు. ఏడాది పాటు సూదులు, జ్వరం, నీరసం, డిప్రెషన్, చివరికి జీనోటైప్ 1 వాళ్లలో సగం మందికి కూడా నయమయ్యేది కాదు. జీనోటైప్ అంటే వైరస్‌లో పెద్ద కుటుంబాలు, 1, 2, 3 అలా. వాటిలో మళ్లీ 1ఎ, 1బి అని శాఖలు. 2011 మేలో మొదటిసారి వైరస్‌నే నేరుగా కొట్టే మాత్రలు వచ్చాయి, టెలాప్రెవిర్, బొసెప్రెవిర్. వైరస్ తన ప్రొటీన్లన్నిటినీ ఒకే పొడుగు గొలుసులా తయారుచేసి, తర్వాత కత్తెరతో ముక్కలు చేసుకుంటుంది. ఈ మందులు ఆ కత్తెరని పట్టేస్తాయి.

ఇక్కడ ఒక వింత బయటపడింది. మందు ఫెయిలైన వాళ్లలో 1ఎ రకం వాళ్లు ఎక్కువ, 1బి వాళ్లు తక్కువ. కత్తెరలో 155వ స్థానంలో ఒక మార్పు వస్తే మందు పట్టు జారుతుంది. ఆ మార్పు రావాలంటే 1ఎలో ఒక్క అక్షరం తప్పు రాస్తే చాలు. 1బిలో అదే మార్పు రావాలంటే రెండు అక్షరాలు తప్పు పడాలి. ఎందుకంటే రెండు శాఖలూ ఒకే ప్రొటీన్ ముక్కని వేరే స్పెల్లింగ్‌తో రాసుకుంటాయి. ఒక్క అక్షరం తేడా, పేషెంట్ తలరాత తేడా. ఆ స్పెల్లింగ్ ఎప్పుడో వందల ఏళ్ల కిందట విడిపోయిన రెండు వంశాల గుర్తు.

తర్వాత వచ్చిందే మనం మొదట్లో చెప్పుకున్న సిమెప్రెవిర్. ఇదీ కత్తెరని పట్టే మందే, రోజుకి ఒక్క మాత్ర. దీనికి అడ్డుపడింది 80వ స్థానంలో ఉన్న మార్పు, దాని పేరు క్యూ80కె. 155వ స్థానంలో మార్పు వస్తే వైరస్ కొంచెం కుంటుతుంది, అందుకే మందు లేనప్పుడు అలాంటివి పెద్దగా బతికి బట్టకట్టవు. క్యూ80కె అలా కాదు. వైరస్‌కి దానివల్ల పెద్ద నష్టమేం లేదు. హాయిగా ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. ఇంటర్‌ఫెరాన్, రిబావిరిన్‌తో కలిపి సిమెప్రెవిర్ ఇచ్చిన ట్రయల్స్‌లో, 1ఎ రకం ఉన్నవాళ్లలో క్యూ80కె లేకపోతే 84 శాతం మందికి నయమైంది. ఉంటే 58 శాతం మందికే. మందు లేబుల్ మీదే రాయాల్సి వచ్చింది, 1ఎ వాళ్లకి ఈ మందు మొదలుపెట్టే ముందు క్యూ80కె టెస్ట్ చేయండి అని.

ఇప్పుడు మ్యాప్ చూడండి. 1ఎ పేషెంట్లలో క్యూ80కె ఉన్నవాళ్లు ఉత్తర అమెరికాలో సుమారు 48 శాతం. యూరప్‌లో సుమారు 19 శాతం. దక్షిణ అమెరికాలో సుమారు 9 శాతం. అదే వైరస్, అదే శాఖ, అదే మందు. ఒకచోట సగం మంది దగ్గర ఉన్న మొండితనం ఇంకోచోట పదిలో ఒకరి దగ్గర కూడా లేదు. ఈ జనంలో ఎవరూ అంతకుముందు ఆ మందు వాడలేదు.

ఎందుకిలా? తాళపత్రాల పాయింట్ ఇప్పుడు బయటికి తీయండి. 2015లో పరిశోధకులు ఎన్నో దేశాల వైరస్ జన్యువుల్ని పక్కపక్కన పెట్టి పోల్చారు. క్యూ80కె ఉన్న వైరస్‌లలో సుమారు 96 శాతం ఒకే వంశంలోకి వచ్చాయి. అంటే ఆ తప్పు వేర్వేరు చోట్ల వేర్వేరుగా పడలేదు. ఒకచోట, ఒకసారి, బహుశా ఒక మనిషి లివర్‌లో, 1940ల ప్రాంతంలో అమెరికాలో పడింది. మిగతావన్నీ ఆ తల్లి ప్రతికి కాపీలే.

అయితే 1940లలో ఒక్కడి ఒంట్లో పుట్టిన వైరస్ సగం దేశానికి ఎలా పాకింది? చాలాకాలం అమెరికాలో ఈ జబ్బు అనగానే 1960లు, 70ల డ్రగ్స్ కాలం, హిప్పీలు, షేర్ చేసుకున్న సూదులు అనే అనుకునేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన తరంలో ఈ జబ్బు ఎక్కువ. దాంతో ఆ తరం మీద ఒక మచ్చ పడింది, "వయసులో ఉన్నప్పుడు ఏవో వేషాలు వేసి ఉంటారు" అని. 2016లో కెనడా పరిశోధకులు 1ఎ వంశవృక్షం గీసి చూస్తే తేలింది వేరు. ఉత్తర అమెరికాలో ఈ వైరస్ వేగంగా పాకింది 1940 నుంచి 1965 మధ్య. అది బాగా ఊపు మీద ఉన్న 1950 నాటికి ఆ తరంలో అందరికంటే పెద్దవాళ్లకి అయిదేళ్లు. అయిదేళ్ల పిల్లలు డ్రగ్స్ ఎక్కించుకోరు కదా. మరి ఆ రోజుల్లో పెరిగింది ఏంటి? ఆస్పత్రులు, ఇంజెక్షన్లు, రక్తం ఎక్కించడం. అప్పటి సిరంజీలు గాజువి, లోహపువి. కడిగి, మరిగించి మళ్లీ వాడేవాళ్లు. సరిగ్గా మరిగిందా లేదా అన్నది ఎవరికి తెలుసు? వైరస్ ఉందనే ఎవరికీ తెలియదు. వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజీలు వచ్చాక గానీ అది నెమ్మదించలేదు. నాకైతే ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించే ముక్క ఇదే. దశాబ్దాల పాటు పేషెంట్లు డాక్టర్ ముందు తలదించుకుని కూర్చున్నారు. వాళ్లలో చాలామందికి అది అంటింది బహుశా ఇంకో డాక్టర్ గదిలోనే.

ఇదే కథ ఇంకా పెద్ద స్కేల్‌లో ఈజిప్టులో జరిగింది. నైలు కాలవల నీళ్లలో బిల్హార్జియా అనే పురుగు జబ్బు ఉండేది. దాన్ని తగ్గించడానికి 1950ల నుంచి 1980ల మొదటి వరకు ప్రభుత్వమే ఊరూరా తిరిగి టార్టార్ ఎమెటిక్ ఇంజెక్షన్లు ఇప్పించింది. ఒక్కో మనిషికి డజను వరకు నరం ఇంజెక్షన్లు. గాజు సిరంజీలు, వరసలో జనం. ఉద్దేశం నూటికి నూరు పాళ్లు మంచిది. ఫలితం, 2008 సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల వాళ్లలో దాదాపు 15 శాతం మంది రక్తంలో హెపటైటిస్ సి ఆనవాళ్లు. ప్రపంచంలో ఇంకే పెద్ద దేశంలోనూ ఇంత లేదు. అక్కడ పాకింది ముఖ్యంగా 4ఎ అనే శాఖ.

ఇక్కడ చరిత్ర ఈజిప్టు మీద కాస్త దయ చూపించింది. కొత్త మాత్రలు సొఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ వచ్చాక అక్కడి రకం వాటికి బాగానే లొంగింది. 2018 అక్టోబర్ నుంచి 2019 ఏప్రిల్ దాకా దాదాపు 5 కోట్ల మందికి టెస్ట్ చేశారు. ట్రీట్‌మెంట్ అయ్యి రిజల్ట్ తెలిసినవాళ్లలో 98 శాతానికి పైగా నయమైంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈజిప్టుని ఈ జబ్బు నిర్మూలన దారిలో "గోల్డ్" స్థాయికి చేరిన మొదటి దేశంగా ప్రకటించింది.

ఇప్పుడు అదే జీనోటైప్ 4, కొంచెం దక్షిణానికి వెళ్దాం. రువాండా.

జీనోటైప్ 4 మధ్య ఆఫ్రికాలో చాలా కాలంగా ఉన్న వైరస్. ఏదైనా పుట్టిన చోటే ఎక్కువ రకాలుగా ఉంటుంది. మన మామిడిపండ్లే చూడండి. ఇక్కడ బంగినపల్లి, రసాలు, తోతాపురి, సువర్ణరేఖ అని చెప్పుకుంటూ పోవచ్చు. ఏ విదేశీ సూపర్ మార్కెట్‌కో వెళ్తే ఒకటో రెండో రకాలు, వాళ్లకి మామిడి అంటే అవే. మధ్య ఆఫ్రికాలో జీనోటైప్ 4 కూడా అలాగే 4కె, 4క్యూ, 4ఆర్, 4వి అని ఎన్నో శాఖలు. ఈజిప్టుకి వెళ్లి సూదులతో పాకింది అందులో ఒక్క కొమ్మ.

కిగాలిలో 300 మందికి సొఫోస్‌బువిర్, లెడిపాస్‌విర్ కలిపిన మాత్ర ఇచ్చి ట్రయల్ చేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. మొత్తం మీద 87 శాతం మందికి నయమైంది. బాగానే ఉంది అనిపిస్తుంది కదా. శాఖలవారీగా విడదీస్తే అసలు విషయం కనిపించింది. 4ఆర్ కాని వాళ్లలో 93 శాతం. 4ఆర్ ఉన్న 48 మందిలో నయమైంది 27 మందికే, అంటే 56 శాతం. అమెరికాలో, యూరప్‌లో 95 శాతం పైన పనిచేస్తోందని పేరు తెచ్చుకున్న మందు, ఇక్కడ ఒక శాఖ మీద దాదాపు బొమ్మా బొరుసూ లెక్కన పడింది.

లెడిపాస్‌విర్ కొట్టేది ఎన్‌ఎస్5ఎ అనే ప్రొటీన్‌ని. అది కత్తెరా కాదు, లేఖకుడూ కాదు, కాపీ పని జరిగే చోటుని సిద్ధం చేసే మేస్త్రీ లాంటిది అనుకోండి. 4ఆర్ వైరస్‌లలో ఈ మేస్త్రీ సహజంగానే వేరే ముఖంతో పుట్టాడు. మందు వెతికే గుర్తులు అతని మీద లేవు. వైరస్ మందుని ఎదిరించడానికి మారలేదు, దాని మామూలు రూపమే అది. మనమే దాన్ని "రెసిస్టెంట్" అంటున్నాం, ఎందుకంటే మన మందు ఇంకొకడి ఫొటో చూసి తయారైంది.

ఎవడి ఫొటో? 1999 దాకా ఈ వైరస్‌ని ల్యాబ్‌లో కణాల్లో సరిగ్గా పెంచలేకపోయేవాళ్లు. జర్మనీలో రాల్ఫ్ బార్టెన్‌ష్లాగర్ టీమ్ మొదటిసారి వైరస్ ఆర్‌ఎన్‌ఏని లివర్ కణాల్లో కాపీ అయ్యేలా చేసింది. మందుల కంపెనీలకి అది వరం. లక్షల రసాయనాలు దానిమీద పరీక్షించి చూడొచ్చు. వాళ్లు వాడింది 1బి రకం వైరస్. తర్వాత 1ఎ కూడా కలిసింది. ట్రయల్స్ జరిగింది ఎక్కువగా అమెరికా, యూరప్, జపాన్‌లలో, అక్కడ ఉన్నవి ముఖ్యంగా అవే. ఇందులో కుట్ర ఏం లేదు, దొరికిన చోట వెతకడం అంతే. కానీ తాళంచెవి ఒక ఇంటి తాళానికి కొలత తీసి చేస్తే, పక్క వీధిలో పట్టకపోవడం ఆ తాళం తప్పు కాదు. లండన్‌లో ట్రీట్‌మెంట్ తీసుకున్న, ఆఫ్రికాలో పుట్టిన పేషెంట్ల మీద 2019లో వచ్చిన స్టడీలో కూడా ఇదే కనిపించింది. 1ఎ, 1బి కాకుండా జీనోటైప్ 1లో అరుదైన శాఖలు ఉన్నవాళ్లలో ఫెయిల్యూర్లు ఎక్కువ. "అరుదైన" అన్న మాట కూడా లండన్ నుంచి చూస్తేనే.

మరి మన సంగతి? ఇండియాలో, పాకిస్తాన్‌లో ఎక్కువగా ఉండేది జీనోటైప్ 3. దక్షిణ భారతంలో జీనోటైప్ 1 కూడా బాగానే కనిపిస్తుంది, ఈశాన్యంలో 6 కూడా ఉంది. ఇంటర్‌ఫెరాన్ కాలంలో జీనోటైప్ 3ని "ఈజీ" అనేవాళ్లు, 24 వారాల్లో అయిపోయేది. కొత్త మాత్రలు వచ్చాక లెక్క తారుమారైంది, ఇదే కష్టమైన రకం అయింది. జీనోటైప్ 3లో కొద్దిమంది పేషెంట్లకి మందు వాడకముందే మేస్త్రీ ప్రొటీన్‌లో వై93హెచ్ అనే మార్పు ఉంటుంది. సొఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ 12 వారాలు ఇచ్చిన ట్రయల్‌లో సిర్రోసిస్ లేనివాళ్లలో 96 శాతం మందికి నయమైంది, సిర్రోసిస్ ఉన్నవాళ్లలో 63 శాతమే. వై93హెచ్ ముందే ఉన్నవాళ్లలో అయితే 54 శాతం. లివర్ ఇంకా బాగున్నప్పుడు మొదలుపెట్టడానికి, గట్టిపడ్డాక మొదలుపెట్టడానికి తేడా అంత.

3బి అనే శాఖ ఇంకా మొండిది. చైనాలో యున్నాన్ వైపు ఇది ఎక్కువ, మన దేశంలో కూడా ఉంది. ఇందులో దాదాపు ప్రతి వైరస్‌కీ మేస్త్రీ ప్రొటీన్‌లో పక్కపక్కనే రెండు మార్పులు పుట్టుకతోనే ఉంటాయి. చైనా, ఆగ్నేయాసియా దేశాల్లో జరిగిన ట్రయల్‌లో సొఫోస్‌బువిర్, వెల్పాటాస్‌విర్ మాత్ర మొత్తం మీద 97 శాతం మందికి పనిచేసింది. 3బి ఉన్న 42 మందిలో 76 శాతం. వాళ్లలో సిర్రోసిస్ ఉన్న 14 మందిలో సగం మందికే.

ప్రతి కాంబినేషన్‌లోనూ సొఫోస్‌బువిర్ పేరు వస్తోంది, గమనించారా? దీనికి మాత్రం పుట్టుకతో మొండితనం దాదాపు ఎక్కడా కనిపించదు, ఏ ఖండంలోనూ. ఇది కొట్టేది లేఖకుడి చేతినే, కలం పట్టుకునే చోట. అక్కడ మార్పు వస్తే మందుని తప్పించుకోవచ్చు గానీ రాయడమే రాదు. ఎస్282టి అనే ఆ మార్పు పుట్టినా పోటీలో వెనకబడి మాయమైపోతుంది. అందుకే మిగతా మందుల్లో ఎన్ని లోపాలున్నా దీని పక్కన పెడితే నెట్టుకొస్తాయి.

ఈ మందు కథలోనే హైదరాబాద్ వస్తుంది. 2013 డిసెంబర్‌లో అమెరికాలో వచ్చినప్పుడు మాత్ర ఒక్కటి వెయ్యి డాలర్లు, 12 వారాల కోర్సు 84,000 డాలర్లు. కనిపెట్టింది ఫార్మాసెట్ కంపెనీలో మైకేల్ సోఫియా టీమ్, మందు పేరులో ఉన్నది ఆయన ఇంటిపేరే. ఆ కంపెనీని గిలియడ్ సుమారు 11 బిలియన్ డాలర్లకి కొనేసింది. ధర మీద ప్రపంచమంతా గొడవ అయ్యాక, 2014 సెప్టెంబర్‌లో గిలియడ్ ఏడు భారతీయ తయారీదారులకి 91 దేశాల కోసం లైసెన్స్ ఇచ్చింది. అందులో హైదరాబాద్‌కి చెందిన హెటిరో ఉంది. ఇంకో హైదరాబాద్ కంపెనీ నాట్కో ముందు పేటెంట్ మీద అభ్యంతరం పెట్టి, 2015లో తనూ లైసెన్స్ తీసుకుంది. కొన్నేళ్లలో కోర్సు ధర లక్షల నుంచి వేలల్లోకి దిగింది. జీనోటైప్ 4 ఉన్నవాళ్లకీ, జీనోటైప్ 3 ఉన్నవాళ్లకీ హైదరాబాద్ చుట్టుపక్కల తయారైన మాత్రలు అందాయి.

ధర దిగాక ఇంకో మార్పు వచ్చింది. వెల్పాటాస్‌విర్ లాంటి మందులు అన్ని జీనోటైప్‌ల మీదా పనిచేస్తాయి కాబట్టి, వైరస్ ఏ రకమో టెస్ట్ చేయకుండానే మొదలుపెట్టొచ్చు అన్నారు. పంజాబ్ ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఉచిత పథకంలో సిర్రోసిస్ లేనివాళ్లకి జీనోటైప్ టెస్ట్ లేకుండానే మందు ఇచ్చారు. రెండేళ్లలో 48 వేల మంది చేరారు, చివరి టెస్ట్ దాకా వచ్చినవాళ్లలో 91 శాతానికి పైగా నయమైంది. 2018 జూలై 28 నుంచి దేశమంతా ఉచితంగా టెస్ట్, ట్రీట్‌మెంట్ ఇచ్చే జాతీయ కార్యక్రమం వచ్చింది. టెస్ట్ వదిలేయడం కరెక్టేనా అంటే, నా లెక్కలో కరెక్టే. జీనోటైప్ టెస్ట్ ఖర్చు ఒకప్పుడు మందు కోర్సుతో పోటీపడేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ఇండియాలో హెపటైటిస్ సి ఉన్నవాళ్లు 55 లక్షలు. వాళ్లలో చాలామందికి ఉందనే తెలియదు. రకం కోసం ఆగితే మనిషి చేజారిపోతాడు.

కానీ దీనికి ఒక మూల్యం ఉంది. రకం చూడకపోతే 4ఆర్ ఎవరికుందో, 3బి ఎవరికుందో కనిపించదు. మందు ఫెయిలైన తర్వాతే తెలుస్తుంది. రువాండాలో ట్రయల్ చేశారు కాబట్టి 4ఆర్ సంగతి బయటపడింది. అక్కడ మొదటి మందు ఫెయిలైన 40 మందికి తర్వాత మూడు మందులు కలిపిన మాత్రతో మళ్లీ ట్రీట్‌మెంట్ ఇస్తే దాదాపు అందరికీ నయమైంది. ఆ మూడు మందుల్లో మూడోది వొక్సిలాప్రెవిర్. అదీ కత్తెరని పట్టే మందే, టెలాప్రెవిర్ వంశమే. మార్కెట్‌లోంచి నాలుగేళ్లు తిరక్కుండా పోయిన మందుకి మనవరాలు అనుకోండి.

చివరిగా ఒకటి. 2018లో కెనడాలో వైరస్ జన్యువులు చదువుతున్న ల్యాబ్‌కి నలుగురు పేషెంట్ల శాంపిళ్లు ఏ కుటుంబంలోనూ ఇమడలేదు. 1 నుంచి 7 దాకా దేనికీ సరిపోలేదు. నలుగురికీ ఒకరితో ఒకరికి సంబంధం లేదు. అందరిలో ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, నలుగురూ మన పంజాబ్ నుంచి వెళ్లినవాళ్లు. ఆ వైరస్‌కి జీనోటైప్ 8 అని పేరు పెట్టారు. మొదటి ఏడు కుటుంబాలని లెక్కపెట్టినన్నాళ్లూ అది పంజాబ్‌లోనే ఉంది.